దానియేలు ఎడమ అద్దం

2022 ఎండాకాలం. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు పక్కన నా రేకుల షెడ్డుకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. కార్లకు, జీపులకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేస్తాను. ఇంజను జోలికి పోను, టైర్ల జోలికి పోను. బండిలో వైరు ఎంతవరకు పోతే అంతవరకే నా రాజ్యం. మా షెడ్డు నేల అంతా పలకల ఫ్యాక్టరీలు పారేసిన రాతి ముక్కలతో పరిచింది. ఏప్రిల్ వచ్చిందంటే కింద రాయి, పైన రేకు కలిసి మనిషిని వేయించేస్తాయి. అందుకని మా దగ్గరికి ఏ బండి వచ్చినా మొట్టమొదట చేసేది నాలుగు తలుపులూ బార్లా తెరవడం. ఆ ఎండలో తలుపులు మూసుకుని కారులో కూర్చుని పని చేసే మొనగాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఈ తలుపుల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

నన్ను అందరూ సుబ్బన్న అంటారు. పని బాగా చేస్తాడు గాని నోరు మంచిది కాదని కూడా అంటారు. రెండూ నిజమే. నాకు నా చెవుల మీద మహా గర్వం ఉండేది. స్క్రూడ్రైవరు ఒక కొస మోటారు మీద, రెండో కొస చెవి దగ్గర ఆనించి విన్నానంటే, లోపల అరిగింది బుష్షా, బేరింగా అన్నది విప్పకుండానే చెప్పేవాణ్ణి. మల్టీమీటరు అంటే కరెంటు ఉందా లేదా అని కొలిచే పెట్టె. అది నా దగ్గరా ఉంది, కానీ చాలాసార్లు దాని మీద దుమ్మే ఉండేది. "నా చెవే నాకు మీటరు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. విన్నవాళ్లు ఔనౌనని తలూపేవారు. తలూపక ఏం చేస్తారు, బండి నా షెడ్డులో ఉంది కదా.

ఆ ఏప్రిల్లో ఒక బుధవారం మధ్యాహ్నం తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. బండి నాకు తెలిసిందే. యర్రగొండపాలెం దాటాక ఒక పల్లెలో హైస్కూలు ఉంది, ఆ స్కూలు హెడ్మాస్టరు మేడమ్‌ది. ఆమె ఇల్లు మార్కాపురంలోనే. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు టీచర్లు రోజూ అదే కారులో స్కూలుకు పోయి వస్తారు. కారు నడిపేది దానియేలు. తర్లుపాడు దగ్గరి పల్లె వాడు. నలభై లోపు వయసు, సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అతనికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాటా రాదు. వినపడనివాళ్లకు కూడా లైసెన్సు ఇవ్వవచ్చని తెలిశాక, ఆఫీసు చుట్టూ ఎన్నో నెలలు తిరిగి సంపాదించుకున్నాడని ఊళ్లో చెప్పుకునేవారు. మెచ్చుకుంటూ చెప్పేవాళ్లు కొందరు, భయంగా చెప్పేవాళ్లు చాలామంది.

అతను దిగి నాకు ఒక చీటీ ఇచ్చాడు. మేడమ్ చేతిరాత. ఎడమ వైపు సైడ్ మిర్రర్ దానంతట అదే కిందికి దిగిపోతోందట, చూడమని ఉంది.

ఈ కార్లలో అద్దం సర్దడానికి చెయ్యి బయట పెట్టక్కర్లేదు. గాజు వెనక రెండు బుడ్డ మోటార్లు ఉంటాయి. ఒకటి అద్దాన్ని పైకీ కిందికీ తిప్పుతుంది, ఇంకోటి పక్కలకు తిప్పుతుంది. డ్రైవరు దగ్గరుండే చిన్న స్విచ్ నొక్కితే అద్దం కదులుతుంది. నేను నాలుగు తలుపులూ తెరిచి, ఎడమ తలుపు లోపలి అట్ట ఊడదీసి, స్విచ్ నొక్కి చూశాను. అద్దం పైకి పోయింది, కిందికి వచ్చింది, అటూ ఇటూ తిరిగింది. చెవి ఆనించి విన్నాను. మోటారు తేనెటీగలా సన్నగా, చక్కగా పాడుతోంది. లైట్లు, వైపరు, ఇండికేటర్లు, హారన్ వరసగా వేసి చూశాను. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. అద్దం దానంతట అది వెంట్రుకవాసి కూడా దిగలేదు.

సరేలే, రోడ్డు మీద చూద్దామని దానియేలును పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తర్లుపాడు వైపు నాలుగు మైళ్లు నడిపాను. దారంతా అతను నా వైపు తిరిగి గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి చూపిస్తూనే ఉన్నాడు. ఇండికేటరు వేయమని చెబుతున్నాడని నాకు అర్థమైంది. అర్థమై ఒళ్లు మండింది. మా వైపు ఇండికేటరు ఎవరు వేస్తారండీ? లారీవాడు క్లీనరు చెయ్యి బయట పెట్టిస్తాడు, ఆటోవాడు కాలు బయట పెడతాడు, కారువాడు దేవుడి మీద భారం వేస్తాడు. ఖాళీ రోడ్డు మీద నాకు బండి నడపడం నేర్పుతున్నాడే ఈయన అనుకున్నాను. చేత్తో అతని గుప్పిటను కిందికి తోసేసి తిరిగి షెడ్డుకు వచ్చేశాను. అద్దం పెట్టింది పెట్టినట్టే ఉంది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. అప్పుడు గాని అసలు సంగతి నాకు తెలియలేదు. అంతకు ముందు వారం స్కూలుకు ఎడమ పక్కకు తిరిగే మలుపులో ఒక మోటారుసైకిలు వీళ్ల కారుకు అడ్డం పడబోయి కంకరలో జారిందట. దాని మీద భార్యాభర్తలు ఉన్నారు. మోకాళ్లు గీసుకుపోయాయి తప్ప దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. తను హారన్ కొడుతూనే ఉన్నానని ఆ మనిషి గొడవ పెట్టుకున్నాడు. జనం పోగయ్యారు. డ్రైవరుకు వినపడదని తెలియగానే ఇక ఎవరికీ వేరే విచారణ అక్కర్లేకపోయింది. అద్దం దిగిపోయి వెనక రోడ్డు కనపడలేదని దానియేలు సైగలతో చెప్పాడు. ఆదివారాలు ఆ కారు నడిపేది మేడమ్ భర్త. అద్దానికి ఏ రోగమూ లేదు, నేను నడిపితే ఎందుకు దిగదు అని ఆయన అన్నాడు. మిగతా ఇద్దరు టీచర్లు వినపడే డ్రైవరును పెట్టకపోతే బస్సులో పోతామని తేల్చి చెప్పారు.

"అందుకే నీ దగ్గరికి పంపినా సుబ్బన్నా. అద్దంలో లోపం ఉంటే అతన్ని మాన్పించను. లేకపోతే నా చేతిలో ఏమీ లేదు. నువ్వు చెప్పు" అంది మేడమ్.

"అద్దానికి ఏం కాలేదు మేడమ్. నేను చెవి పెట్టి విన్నా. లోపం ఉంటే నడిపే మనిషిలో ఉండాలి" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. నాకు తెలిసింది బండి గురించి. నేను తీర్పు చెప్పింది మనిషి గురించి. ఆ తేడా అప్పుడు నాకు తట్టనే లేదు. ఫోన్ పెట్టేసి హాయిగా టీ తాగాను.

శనివారం స్కూలుకు సెలవు. పొద్దున పది గంటలకు అదే కారు మళ్లీ వచ్చింది. ఈసారి దానియేలుతో పాటు అతని భార్య రూతమ్మ కూడా దిగింది. ఆమె పలకల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆ రోజు పని మానుకుని వచ్చినట్టుంది. చేతుల మీద రాతి పొడి మచ్చలు అట్లాగే ఉన్నాయి. ఆమె అరవలేదు, ఏడవలేదు. నేరుగా నా స్టూలు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, సోమారం నుంచి ఈయన్ని రావద్దని చెప్పినారు. నువ్వు చెప్పిన మాట మీదనే చెప్పినారంట. సాయంత్రం కారు తాళాలు ఇచ్చేసి రావాల. ఈలోపల ఒక్కసారి ఈయన చూపించేది చూడు. అంతే నేనడిగేది" అంది.

నేను ఆ రోజే అన్నీ చూశానని, చూసిందే చూస్తే కొత్తగా ఏమొస్తుందని విసుక్కున్నాను. ఆమె కదల్లేదు. దానియేలు ఆమె వైపు చూసి చేతులు వేగంగా తిప్పాడు. ఆమె చూసి నాకు చెప్పింది. అద్దం ఊరికే దిగదట. ఎడమ ఇండికేటరు వేసినప్పుడే దిగుతుందట. ఒక్కసారికి పెద్దగా దిగదు, వెంట్రుకంత దిగుతుంది. పొద్దున సర్ది పెట్టుకున్నా, ఊళ్లలో, మలుపుల్లో వేసిన ఇండికేటర్లన్నిటికీ కొంచెం కొంచెం దిగి, స్కూలు దగ్గరికి పోయేసరికి రోడ్డు బదులు వెనక చక్రాన్ని చూపిస్తుందట. వేసే ముందు కొంచెమైనా కనపడిన రోడ్డు, వేసి తిరుగుతూ చూస్తే అద్దంలో అసలే లేదట. బుధవారం దారి పొడుగునా అతను గుప్పిట మూసి తెరిచింది అది చెప్పడానికే.

నేను నవ్వాను. ఇది బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమేనని చెప్పాను. ఇండికేటరు లైను వేరు, అద్దం లైను వేరు, రెండింటి ఫ్యూజులు వేరు, స్విచ్‌లు వేరు. కావాలంటే చూడు అని లోపలికి వంగి ఎడమ ఇండికేటరు వేశాను. టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. అద్దం చలించలేదు. చూశావా అన్నట్టు దానియేలు వైపు చూశాను.

దానియేలు అద్దం వైపు చూడనే లేదు. తెరిచి ఉన్న తలుపుల వైపు చూస్తున్నాడు. కాసేపు అట్లాగే నిలబడి, ఒక్కొక్క తలుపే మూసుకుంటూ కారు చుట్టూ తిరిగాడు. నాలుగూ మూసి, నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. నాకు నచ్చలేదు గాని రూతమ్మ ముఖం చూసి ఊరుకున్నాను. నా మూడు వేళ్లను అద్దం గాజు అంచు మీద ఆనించి, రూతమ్మకు సైగ చేశాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇండికేటరు వేసింది.

టిక్కు టిక్కు వినపడుతోంది. అది రిలే చప్పుడు. రిలే అంటే ఇండికేటరును వెలిగించి ఆర్పే చిన్న డబ్బా. ఆ చప్పుడు నాకు కొత్తా? నా వేళ్లకు ఏమీ తగల్లేదు. ఏమీ లేదని తల అడ్డంగా ఊపాను.

అప్పుడు అతను చేసిన పనిని నేను చచ్చేదాకా మర్చిపోను. నా వెనక్కి వచ్చి, రెండు అరచేతులతో నా రెండు చెవులూ గట్టిగా మూసేశాడు.

డ్రైవరు కాకముందు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి కోసి గరుకెక్కిన చేతులు. లోకం మొత్తం ఒక్కసారిగా అవతలికి పోయింది. రోడ్డు మీద బస్సు లేదు, పక్క షెడ్డులో సుత్తి లేదు, టిక్కు టిక్కు లేదు. నాకేదో భయం లాంటిది వేసింది. కళ్లు కూడా మూసుకున్నాను. అప్పుడు తెలిసింది. నా వేలి కొసల కింద గాజు కొట్టుకుంటోంది. జ్వరం వచ్చినవాడి మణికట్టు పట్టుకుంటే నాడి తెలిసినట్టు, సన్నగా, వరసగా, ఒకదాని వెంట ఒకటి. ఇండికేటరు వెలిగిన ప్రతిసారీ అద్దం వెనకున్న మోటారు ఒక్క అడుగు వేస్తోంది.

ఆ మోటారు అడుగు చప్పుడూ, ఇండికేటరు చప్పుడూ సరిగ్గా ఒకే క్షణంలో పడుతున్నాయి. పెద్ద చప్పుడు చిన్నదాన్ని మింగేస్తోంది. నా చెవి ఎంత గొప్పదైనా, ఇంకో వందేళ్లు విన్నా, ఆ ఒక్కటి దానికి దొరకదు. ఆ టిక్కు టిక్కును పుట్టి ఎన్నడూ వినని మనిషికి మాత్రమే అది దొరికింది.

నేను కళ్లు తెరిచి, మార్కరుతో గాజు అంచున గీత పెట్టి, ఇండికేటరును అట్లాగే వదిలేశాను. ఆ ఎండలో ముగ్గురమూ అద్దం ముందు నిలబడి చూస్తూ ఉన్నాం. కొంతసేపటికి గీత బియ్యపు గింజంత కిందికి దిగింది. ఎడమ తలుపు తెరిచాను. ఆగిపోయింది. మూశాను. మళ్లీ దిగడం మొదలైంది. షెడ్డులో నేను ఇండికేటరు వేసి చూసినప్పుడల్లా కారు తలుపులు తెరిచి ఉన్నాయి. రోడ్డు మీద తలుపులు మూసి ఉన్నప్పుడు నేను ఇండికేటరు వేయలేదు. మేడమ్ భర్తా వేయడు. ఆ కారులో తలుపు మూసుకుని, ప్రతి మలుపుకూ ఇండికేటరు వేసే మనిషి ఒక్కడే. వినపడదు కాబట్టి నియమం తప్పడు. నియమం తప్పలేదు కాబట్టి అతనికే దెబ్బ తగిలింది.

"ఈయనకు ఎట్ల తెల్సింది తల్లీ?" అని రూతమ్మను అడిగాను.

"కారు పట్టకముందు పలకల పనిలోనే ఉన్నాడన్నా. రాయి బాగుందా, లోపల చీలిందా అని అందరూ తట్టి చప్పుడు వింటారు గదా. ఈయన తట్టి, రెండో చెయ్యి కింద పెట్టి చూసేటోడు. చెవులున్నోళ్లు బాగుందని పెట్టిన రాళ్లలో కూడా చీలికలు తీసి పక్కన పెట్టేటోడు. ఇప్పుడు ఈ కారు కూడా అంతే. స్టీరింగు మీద చెయ్యి పెడితే చాలంట, అన్నీ తెలుస్తాయంట" అంది.

తలుపు తెరిస్తే ఆగి, మూస్తే మొదలవుతోందంటే జబ్బు ఉన్న చోటు ఒక్కటే. తలుపుకూ కారు ఒంటికీ మధ్య, బందుల పక్కన, మడతపడే రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని మేము బూట్ అంటాం. తలుపులోకి పోయే వైర్లన్నీ దానిలోంచే పోవాలి. అద్దం మోటారు వైర్లూ అందులోవే. అద్దం వీపున మినుకుమినుకుమనే చిన్న ఇండికేటరు దీపం వైరూ అందులోదే. బుధవారం నేను తలుపు అట్ట విప్పాను గాని బూట్ విప్పలేదు. ఎందుకు విప్పలేదో కూడా చెప్పాలి. ఏడాది కిందట మేడమ్ భర్త అడిగితే ఆ తలుపుకు స్పీకరు పెట్టింది నేనే. నా చేతుల మీదుగా పోయిన చోటును నేనే అనుమానించడం ఏమిటి అనుకున్నాను.

గొట్టం అంచు ఊడదీసి వెనక్కి మడిచాను. లోపల వైర్ల కట్టకు రెండు చుట్లు చుట్టిన ఎర్ర టేపు కనపడింది.

మార్కాపురంలో ఎర్ర టేపు వాడేది నేనొక్కణ్ణే. అది నా గుర్తు. టేపు విప్పాను. కింద ప్లాస్టిక్ టై ఉంది. స్పీకరు వైరు కదలకుండా మిగతా వైర్లతో కలిపి బిగించి కట్టిన నాడా అది. ఆ రోజు ఏ తొందరలో ఉన్నానో, దాని తోకను కటింగ్ ప్లేయరుతో ఏటవాలుగా కత్తిరించాను. ఆ కొస కత్తిలా నిలబడి ఉంది. తలుపు మూసినప్పుడల్లా గొట్టం మడతపడి, ఆ కొస వెళ్లి రెండు వైర్లను పొడుస్తోంది. ఒకటి ఇండికేటరు దీపానిది, ఇంకోటి అద్దం మోటారుది. రెండింటి తొక్కా ఊడిపోయి, లోపలి రాగి మెరుస్తోంది. తలుపు మూస్తే రాగికి రాగి తాకుతుంది. దీపం కరెంటు మోటారులోకి దొంగదారిన పోతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని దానియేలు పట్టాడు.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నాకు బుద్ధి పక్కకు పోయింది. ఆ టేపునూ టైనూ గుప్పిట్లో నలిపి పారేసి, కంపెనీ వైరే పాడైందని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? రూతమ్మకు తెలియదు. మేడమ్‌కు తెలియదు. అతని ఉద్యోగమూ నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. తల ఎత్తేసరికి దానియేలు నా చేతిలోని ఎర్ర ముక్కను చూస్తున్నాడు. తర్వాత గోడకు మేకున వేలాడుతున్న ఎర్ర టేపు చుట్టను చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. అంతే, మెల్లగా చూపు తిప్పుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. భార్యకు ఏ సైగా చేయలేదు. నాకు దారి వదిలాడు.

ఆ మర్యాద నన్ను కుంగదీసింది. తిట్టినా బాగుండేది.

స్పీకరు వైరు వేరే దారిన తీసుకుపోయాను. దెబ్బతిన్న రెండు వైర్లను కోసి, కొత్త ముక్కలు కలిపి, టంకం వేసి, ఒక్కొక్కదానికీ వేరుగా తొడుగు వేశాను. గొట్టం మళ్లీ అమర్చి, నాలుగు తలుపులూ మూసి, ఇండికేటరు వేసి, చెమటలు కక్కుతూ పావుగంట కారులోనే కూర్చున్నాను. దానియేలు బయట గాజు మీద వేళ్లు పెట్టి నిలబడ్డాడు. పావుగంట తర్వాత కిటికీలోంచి చూసి, అరచెయ్యి అడ్డంగా మెల్లగా ఊపాడు. ఏమీ లేదు, నిశ్చలంగా ఉందని.

రూతమ్మ ముందరే మేడమ్‌కు ఫోన్ చేశాను.

"మేడమ్, అద్దంలో లోపం ఉంది. ఆ లోపం పెట్టింది నేనే. స్పీకరు పెట్టినప్పుడు చేసిన పాపం ఇది. ఆ రోజు మలుపులో ఈ మనిషి తప్పు ఏమీ లేదు. బుధవారం నేను చెప్పిన మాట అబద్ధం" అన్నాను.

ఆమె నెమ్మదిగా అంది. "సోమవారం పొద్దున నువ్వు కూడా కారెక్కు సుబ్బన్నా. నాకు చెప్పినావు సరే. వెనక కూర్చునే ఆ ఇద్దరికి కూడా నీ నోటితోనే చెప్పు."

రూతమ్మ చేతులతో ఆ మాట దానియేలుకు చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె చేతులు మధ్యలో ఆగిపోయాయి, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. నేను పని ఉన్నట్టు షెడ్డు లోపలికి పోయాను.

సోమవారం ముందు సీట్లో మేడమ్, వెనక ఇద్దరు టీచర్లు, కిటికీ పక్కన నేను. బయట అంత ఎండ కదా, కిటికీ అద్దాలన్నీ ఎక్కించి ఏసీ పెట్టారు. ఊరు దాటగానే నేను జరిగిందంతా చెప్పాను. ఏదీ దాచలేదు. ఇద్దరూ విన్నారు. ఒకామె కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ తప్పు నువ్వు ఒప్పుకున్నావు, బాగుంది. కానీ అద్దం బాగైనా ఆయనకు వినపడదు కదన్నా. మా భయం మాది" అంది. ఆమె అన్నదానిలో దురుసుతనం లేదు. ఇంటి దగ్గర పిల్లలున్న మనిషి.

యర్రగొండపాలెం ఇంకా రాలేదు. రోడ్డు ఎడమకు పెద్ద వంపు తిరుగుతుంది అక్కడ. వంపు మధ్యలో ఉన్నట్టుండి దానియేలు ఎడమ ఇండికేటరు వేసి, వేగం తగ్గించి, కారును మట్టిలోకి దింపి ఆపేశాడు. ముందు ఎవరూ లేరు. రోడ్డు ఖాళీ. ఎందుకు ఆపాడని ఆ టీచరు అడిగింది. నాకూ తెలియలేదు. మేడమ్ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను చెవులు రిక్కించాను. ఇరవై ఆరేళ్లుగా నేను నమ్ముకున్న చెవులు. ఏసీ గాలి తప్ప ఏమీ లేదు. దానియేలు ఒక్క వేలితో ఎడమ అద్దం చూపించాడు.

రోడ్డు ఎడమకు వంగినప్పుడు, మనం దాటి వచ్చిన రోడ్డంతా ఎడమ అద్దంలోకి వస్తుంది. ఇన్నేళ్లు అద్దాలు బాగుచేసిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఇండికేటరు కొట్టుకుంటూనే ఉంది, అద్దం రాయిలా నిలబడి ఉంది. అందులో చాలా దూరాన, ఎండమావిలో, మిరపగింజంత ఎర్ర దీపం తిరుగుతోంది.

అది పెద్దదవుతూ వచ్చింది. ఆ తర్వాత, చాలాసేపటి తర్వాత అనిపించింది నాకు, సైరన్ వినపడింది. మరుక్షణం అంబులెన్సు మమ్మల్ని దాటుకుని దూసుకుపోయింది. వంపులో దానికి ఎదురు లేదు, అడ్డు లేదు. దానియేలు కుడి అద్దం, మధ్య అద్దం, మళ్లీ ఎడమ అద్దం చూసి, కుడి ఇండికేటరు వేసి, కారును రోడ్డెక్కించాడు. అతనికి ఇదంతా మామూలే. అతని ముఖంలో ఏ గొప్పా లేదు.

ఆ టీచరు చేతిసంచీ ఒడిలో సర్దుకుంది. స్కూలు దగ్గర దిగాక ఆమె డ్రైవరు తలుపు దగ్గరికి పోయి నిలబడింది. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. చివరికి తన గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి చూపించింది. దానియేలు తల వంచి నవ్వాడు.

అతను ఇప్పటికీ ఆ కారే నడుపుతున్నాడు. కరెంటు పనికి నా దగ్గరికే తెస్తాడు. అట్లా ఎందుకు తెస్తున్నాడని రూతమ్మను ఒకసారి అడిగితే, తప్పు చేసిన చోటును నువ్వు మళ్లీ తప్పకుండా చూస్తావంట అని ఆమె చెప్పింది. నిజంగానే ఇప్పుడు నా షెడ్డులో ఏ బండినైనా తలుపులు మూసి చూడందే బయటికి పంపను. ఎండకు నేను వేగిపోతూ లోపల కూర్చుంటే జనం పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చూడనీ. ఎర్ర టేపు మానలేదు. ఎవరి తప్పో తెలియాలంటే ఆ గుర్తు ఉండాలి. ఎవరైనా ఫోన్ చేసి, లోపం బండిలోనా, నడిపే మనిషిలోనా అని అడిగితే మాత్రం ఒకటే మాట చెబుతాను. బండి సంగతి నన్ను అడగండి, మనిషి సంగతి మనిషిని అడగండి అంటాను.

ఇంకో అలవాటు కూడా వచ్చింది. మధ్యాహ్నం అన్నానికి స్కూటరు మీద ఇంటికి పోతూ, పిట్ట కూడా లేని మా సందు మలుపులో ఇండికేటరు వేస్తాను. అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారు. "ఎవరున్నారని ఏస్తున్నావు సుబ్బన్నా? నీ వెనకాల ఎవరూ రావడం వినపడలేదే" అంటారు.

"నాకూ వినపడలేదు. అందుకే ఏస్తున్నా" అని చెప్పి, అద్దంలో ఒకసారి చూసుకుని తిరుగుతాను.